మేడ మీద ఎండిన మక్కలు

ఆ ఆదివారం నాచారం ఇంట్లో సెలవు దొరికిన బుచ్చిరాములు మామ, పొయ్యి దగ్గర సత్తమ్మ అత్త, వాళ్ల కొడుకు రంజిత్ బావ, పేలాల కోసం పై వాటా నుంచి గిన్నెతో సహా దిగివచ్చిన రాజ్యం ఆంటీ, అందరి వెనక నిలబడ్డ సంతోషి ఉన్నారు.

సంతోషి ఊళ్లో పదో తరగతి ముగించి, ఇంటర్ చదవడానికి మేనమామ ఇంటికి వచ్చిన పిల్ల. వచ్చాక నోరు తెరిచి అడిగింది ఒక్కటే. మామకు చిల్కానగర్‌లో ఖాళీ ప్లాటు ఉంది. ఇల్లు కడదామని ముందే బోరు వేయించి, తర్వాత ఇల్లు సంగతి మర్చిపోయాడు. అందులో పాప్‌కార్న్ మక్క, అంటే పేలాలయ్యే మొక్కజొన్న, వేస్తానంది. ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు ఇంకా లేని రోజులవి. అక్కడి కిరాణా షాపులో కొన్న గింజలే విత్తనాలు. పొద్దున్నే మోటారు వేసి, పారతో సాలు సాలుకూ నీళ్లు మళ్లించి, ఆ తర్వాతే కాలేజీకి పోయేది. మార్చి ఎండకు చుట్టుపక్కల గడ్డి మాడిపోయినా ఆమె మక్క మాత్రం పచ్చగా నిలిచింది.

"పేలితే వచ్చే యాసంగి గూడ ఏసుకో, బిడ్డా. పేలకపోతే బోరు బందు జేస్త. పక్కాయన ఇసుక పోసుకుంటనంటుండు," అని మామ ముందే చెప్పాడు.

అందుకే ఆమె ఏ లోపమూ రానివ్వలేదు. గింజలు ఒలిచి మేడ మీద పరిచింది. వాళ్ల ఊళ్లో మార్కెట్‌కు పోయే మక్కలు పంటికింద రాయిలా పలకాలి. పచ్చి తగిలితే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. అలా పలికేదాకా ఎండబెట్టింది. పలికాక కూడా, మంచిదే కదా అని ఇంకొన్నాళ్లు వదిలేసింది.

అత్త కుక్కర్‌లో నూనె కాచి, గింజలు పోసి, మూత ఊరికే పైన పెట్టింది. అందరూ చెవులు రిక్కించారు. ఒకటి టప్‌మంది. అంతే. తర్వాత మాడు వాసన.

"ఒకటి పేలింది! ఆంటీ, గిన్నె పట్టుర్రి, పంచుకుందం," అన్నాడు రంజిత్.

"పెద్ద గిన్నె తెచ్చి తప్పు చేశానయ్యా," అంది రాజ్యం ఆంటీ. "ఏమ్మా సంతోషీ, విత్తనాలే వేశావా, గులకరాళ్లు వేశావా?"

మామ ఇసుకాయనకు చెప్పి రావడానికని చెప్పులు వేసుకున్నాడు.

సంతోషి కళ్లు నిండాయి. అది చూసి రంజిత్ నవ్వు ఆగిపోయింది. బియ్యం గదిలోకి పోయి, పొట్టు కూడా తీయని రెండు కంకులు పట్టుకొచ్చాడు.

"తిట్టొద్దు మరి. కోతలప్పుడు కాల్సుకుందమని దాసిన. డ్రమ్ము ఎనక బడితే మర్సిపోయిన."

"దొంగ మొకమోడా!" అంది అత్త. "మరదలి పంట గూడ ఇడువవాయె!"

సంతోషి ఒక కంకి లాక్కుని, పొట్టు తీసి, గింజ కొరికింది. గట్టిగానే ఉంది గాని రాయిలా పలకలేదు. పన్ను కొంచెం దిగింది. ఆమె కుక్కర్ కడిగి, తనే నూనె పోసి, ఆ కంకి ఒలిచి వేసింది. కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఒకదాని వెంట ఒకటి టపటపా పేలి, మూతను తోసుకుని పొయ్యి గట్టు మీద తెల్లగా పడ్డాయి.

"లోపట జర తడుండాలె, మామా," అంది సంతోషి. "ఆ తడి కాగితేనే గింజ పగులుతది. నేనే ఎండబెట్టి సంపిన."

"అవ్వో, దీనికి నోరున్నదే!" అన్నాడు రంజిత్. "నేను దొంగతనం జేసిన గనక బతికినవు. పంట నీది, పేరు నాది."

మామ నాలుగు పేలాలు నోట్లో వేసుకుని, నమిలి, మళ్లీ నాలుగు తీసుకుని, చెప్పులు విడిచాడు. "ఇసుకాయన ఇంకో జాగ సూసుకుంటడు తియ్."

రాజ్యం ఆంటీ గిన్నె ముందుకు జరిపింది. అత్త మిగిలిన కంకిని విత్తనానికని కొంగులో చుట్టుకుని బియ్యం గది వైపు నడిచింది. సంతోషి ఆమె వెంటపడింది.

"అత్తా, ఇటియ్యి. పురుగు పడ్తది. ఒక్క పూట మేడ మీద..."

"నీ మేడ సల్లగుండ!" అంటూ అత్త ఆమె ముక్కు మీదే తలుపు వేసేసింది.