నేర్పని చరణం

దేవమణికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే, తన ఇద్దరు పిల్లల్నీ ఎవరో ఎత్తుకుపోతారని, ఎక్కడో ఆనకట్ట కడుతున్నారట, పునాదిలో వెయ్యడానికి పసివాళ్లని గోతాల్లో పట్టుకెళ్తున్నారట, చిల్లకల్లులో బస్సాగే చోట ఇదే మాట, పత్తి తీసే ఆడవాళ్ల నోట ఇదే మాట, అబద్ధమే కావచ్చు, నిజమైతేనో, అందుకే ఇవాళ తుంపర పడి పని ఆగిందనగానే ఒళ్లోని పత్తి అక్కడే గుమ్మరించి పరుగున ఇంటికొచ్చింది, హమ్మయ్య, ఇద్దరూ ఉన్నారు, చంటివాడు ఏలీయా చీర ఉయ్యాల్లో, నాలుగేళ్ల సుగుణ ఊపుతూ పాడుతోంది, వాననాడు దొరికింది మా సుగుణ తల్లి, పత్తినాడు దొరికాడు మా ఏలీయా బాబు, తను కట్టిన చరణాలే, పుట్టింటి వాడుక అది, బిడ్డ పుట్టినప్పుడల్లా తల్లి ఆ జోలపాటకి ఒక చరణం కలపాలి, ఎంత ఏడ్చే బిడ్డయినా తన చరణం వినగానే ఊరుకుంటుంది, వాడూ ఊరుకున్నాడు, ఇక ఆపుతుందనుకుంటే సుగుణ ఇంకొకటి అందుకుంది, మంచునాడు దొరికింది మా బుడంకాయ.

గడపలోనే కాళ్లు ఆగిపోయాయి, ఈ చరణం తను నేర్పలేదు, ఇది తన చరణం, తనని బుడంకాయ అని పిలిచింది అమ్మ ఒక్కతే, అమ్మ చచ్చిపోయి పదమూడేళ్లు, నాన్నా పోయాడు, మరి దీనికెవరు చెప్పారు, ఎవరే నేర్పింది అంటే ముంత మామ్మ అంది సుగుణ, ముంత మామ్మెవరే, అదేనమ్మా, కంచె అవతల కూచుంటది, లోపలికి రమ్మంటే రాదు, నన్ను ముట్టుకోదు, చేతులు కొంగులో దాచుకునుంటది, దేవమణి కంచె వైపు చూసింది, చేతుల్లో ఏం దాచింది, మత్తుమందా, బెల్లంముక్కా, పోయిన నెల కంచెగుంజకి బోర్లించిన కొత్త మట్టిముంత కనబడితే ఇదేదో చేతబడేనని రాయి పెట్టి బద్దలుకొట్టింది తనే, పెంకులింకా అక్కడే ఉన్నాయి, అప్పుడు అత్త పున్నమ్మ ఏమంది, ముంతేం చేసిందే నిన్ను, పిచ్చిమొహమా, అంది, రెండ్రోజులు పలకలేదు, ముంత కోసం ఎవరైనా అలుగుతారా, తను చేలో ఉంటే పిల్లల్ని చూసేది అత్తే, ఈవిడకి తెలియకుండా కంచె దగ్గరికి ఎవరొస్తారు, ఎంతకి కుదుర్చుకుందో, ఛ, సొంత మనవళ్లని, అయినా ఎవర్ని నమ్మాలి.

ముట్టుకోదు, ఆ మాటే మనసులో ముల్లులా గుచ్చుకుని ఆగింది, ముట్టుకోని మనిషి ఎలా ఎత్తుకుపోతుంది, ముట్టుకోకుండా జోల పాడే మనిషిని తనెక్కడో చూసింది, అరుగు చివర, తనకి ఎనిమిదేళ్లు, అమ్మ వేళ్ల మీద పాలిపోయిన మచ్చలు, ఒళ్లో పడుకుంటానంటే అక్కడే పడుకో బుడంకాయా అని దూరంగా కూచుని చేతులు కొంగులో చుట్టుకుని పాడేది, తనకెంత కోపమో, ఊరంతా కుష్ఠు అంది, నాన్న బండి కట్టి మిషనాసుపత్రికి తీసుకెళ్లి ఒక్కడే తిరిగొచ్చాడు, అమ్మ చచ్చిపోయింది, నువ్వింక బడికెళ్లొద్దు, పొయ్యి ముట్టించు అన్నాడు, మూడో తరగతి అక్కడితో సరి, చావుకి బంధువులెవరూ రాలేదేం, సమాధి ఎక్కడని తనెందుకు అడగలేదు.

అత్తా, ఆ ముంత ఎవరికి, అంటే పున్నమ్మ చేటలో బియ్యం చెరగడం ఆపింది, మీ అమ్మకేనే, మందులకి తగ్గిపోయింది, డాక్టరు చీటీ కూడా చూపించింది, అయినా మన గ్లాసులో తాగనంటది, తన ముంత తనే తెచ్చుకుంది, నేనే గంజి పోసేదాన్ని, నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది, అత్తింట్లో నీకు మాటొస్తదని, మరి ఇప్పుడేది అత్తా, ఏదేంటి, నువ్వు ముంత పగలగొట్టాక శనివారం వచ్చింది, గుంజ కింద పెంకులు చూసింది, మా బుడంకాయకి తెలిసిపోయిందా వదినా అని అట్నుంచటే నందిగామ బస్సెక్కి పోయింది, మూడు శనివారాలైంది, మళ్లీ రాలేదు, దేవమణి కంచె దగ్గర కూలబడింది, పిల్లల్ని ఎవరో తీసుకుపోతారని ఇన్నాళ్లూ కాపు కాసింది, వాళ్లకి పాట తెచ్చిన మనిషిని తన చేత్తోనే తరిమేసింది, ఇంకా నయం కాని చెయ్యి అమ్మది కాదు, రాయి పట్టిన తనది, గుంజ మీద ఇప్పుడు దేవమణి బోర్లించిన కొత్త ముంత ఉంది, అయ్యా, అమ్మా, మీరెవరైనా నందిగామ బస్సెక్కితే, దిగేచోట చేతులు కొంగులో దాచుకుని ఎడంగా నిలబడిన ముసలావిడ కనిపిస్తే, అన్నం తిన్నదో లేదో ఒక్కసారి కనుక్కోండి.