రంగు ఆరేదాకా

మిత్వల్లి తాడు లాగాడు. ఆసుపత్రి గేటు కర్ర పైకి లేచింది. డాక్టరుగారి కారు ఇతని వంక చూడకుండానే లోపలికి పోయింది. కర్రను లేపే మోటారు పాడయ్యాక రంజాను మీద రంజాను వచ్చి పోయింది. బాగుచేయిస్తామన్న సెక్యూరిటీ కంపెనీ పోయి కొత్త కంపెనీ వచ్చింది. తాడు మాత్రం అదే.

పొట్టి మనిషి, నెరిసిన మీసం. నిలబడీ నిలబడీ పాదాలు ఉబ్బి, బూట్ల లేసులు వదులుగా కట్టుకునేవాడు. కుర్చీ ఉంటే కాపలావాడు నిద్రపోతాడని కంపెనీ మహానుభావులు కుర్చీ తీసేశారు.

ఇవాళ సాయంకాలపు అసర్ నమాజు తర్వాత ఇంబాబా పేటలో చిన్నకూతురు హనాన్ నికా. తెల్ల రుమాలు కింద పెళ్లికొడుకు చేతిలో తండ్రి చెయ్యి వెయ్యాలి. పెద్దపిల్లకు ఆ చెయ్యి మిత్వల్లి తమ్ముడు వేశాడు. ఆ రోజు తన బదులు గేటు దగ్గర నిలబడాల్సిన రిలీవరు రాలేదు. రిలీవరు రానిదే గేటు వదలకూడదు, యూనిఫాం కోటు విప్పకూడదు. అసలు రిలీవరునే పంపకపోతే ఏం చెయ్యాలో మాత్రం ఏ కంపెనీ చెప్పలేదు. ఈసారి నెల ముందు నుంచే సూపర్‌వైజరు హాతింను బతిమాలుకుంటున్నాడు.

మధ్యాహ్నం దాటాక హాతిం మోటారుసైకిల్ మీద వచ్చాడు. వెనక సీటు ఖాళీ. చేతిలో రంగు డబ్బా, సన్న కుంచె.

"మనిషేడీ ఉస్తాద్?"

"దారిలో ఉన్నాడు బాబాయ్. ముందా కోటు విప్పు."

"ఎందుకూ?"

"వీపు మీద కంపెనీ పేరుంది చూడు, ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలు. వాటి పక్కన చుక్కలు లేవట. హెడ్డాఫీసులో వారం నుంచి ఇదే గొడవ. ఉండాలని ఒకాయన, అక్కర్లేదని ఇంకొకాయన. చివరికి చుక్కలాయన గెలిచాడు. సాయంత్రంలోపు అన్ని గేట్లకీ పెట్టెయ్యాలి."

"చుక్కలకి మనిషి దొరికాడు గానీ, నాకు దొరకలేదా? అల్లా మీద ఒట్టేసి చెప్పు, దారిలో ఉన్నాడా?"

హాతిం కుంచెతో రంగు కలిపాడు.

"లేడు బాబాయ్. నీ బదులు ఎవర్నీ వెయ్యలేదు. నేనూ జీతగాణ్ణే, ఏం చెయ్యను?"

మిత్వల్లికి కోపం రాలేదు. కోటు విప్పి ఇచ్చాడు. లోపల పొద్దున్నే ఇస్త్రీ చేయించుకున్న తెల్లచొక్కా ఉంది. హాతిం కోటును ఇనుప కంచె మీద పరిచి, నాలుక కొరుక్కుంటూ ఒక్కో అక్షరం పక్కన ఒక్కో చుక్క పెట్టాడు.

"ఆరేదాకా ముట్టుకోకు."

"ముట్టుకోను."

బయట కారు హారన్ మోగింది. మిత్వల్లి తాడు లాగి కర్ర లేపి, తాడు కొస హాతిం చేతిలో పెట్టాడు.

"గట్టిగా పట్టుకో. మధ్యలో వదిలావంటే కర్ర కారు మీద పడుద్ది."

"నువ్వెక్కడికి? ఉద్యోగం పోతుంది బాబాయ్!"

"పోనీ. ఈ పిల్లకి కూడా ఇంకోడి చెయ్యి వేయించలేను."

కుంటుకుంటూ రోడ్డు దాటి, ఇంబాబా అని అరుస్తున్న మైక్రోబస్సు ఎక్కాడు. హాతిం అరుస్తూనే ఉన్నాడు గానీ, కర్ర కింద కారు ఉండగా తాడు వదలలేకపోయాడు.

కంచె మీద కోటు ఆరుతోంది. చివరి చుక్క మాత్రం నిలవక, అక్షరాలు దాటి కోటు అంచు దాకా తెల్లగా కారింది.