రోజూ ఏడింటికి ఒక్కరు

స్టామెన్‌కు కారు లేదు. ఉన్న ఒక్కటీ విడాకులప్పుడు భార్య పట్టుకుపోయింది. అయినా ఏ కారు డిక్కీలో పిల్లల తోపుడుబండి పడుతుందో, ఏ దాంట్లో పట్టదో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కార్ల వెబ్‌సైట్‌కు వ్యాసాలు రాయడం, జనం నెట్‌లో వెతికినప్పుడు అవి అందరికన్నా ముందు కనబడేలా చూడడం ఆయన ఉద్యోగం. ‘కుటుంబానికి మంచి హ్యాచ్‌బ్యాక్’ అన్న మాట కొన్ని వందల సార్లు రాసి ఉంటాడు. రాసి, ఇంటికి పోయి, ఒక్కడే కూర్చుని రొట్టె, పెరుగు తిని పడుకునేవాడు.

కూతురు రలిట్సా ఉండేది అదే ఊళ్ళో, స్టారా జగోరాలోనే, బస్సెక్కితే పావుగంట. పదకొండు నెలలుగా మాటల్లేవు. దాని పెళ్ళిలో పెద్దల బల్ల దగ్గర తల్లి రెండో మొగుడికి కుర్చీ వేస్తున్నారని తెలిసి ఈయన అలిగాడు, అసలు పెళ్ళికే వెళ్ళలేదు. అలిగినవాణ్ణి ఎవరైనా వచ్చి బతిమాలాలి కదా. ఎవరూ రాలేదు.

మార్చి మొదట్లో అక్క జ్లాతా ఫోన్ చేసింది.

“ఒరేయ్, నీ కూతురికి ఐదో నెల. కారు కోసం చూస్తున్నారు. ఏది కొనాలో తెలీక తల బద్దలు కొట్టుకుంటున్నారు.”

“నన్ను అడగమందా?”

“అడగమంటే గానీ కదలవా? నీ నోరేమైనా పడిపోయిందా, నువ్వే ఓ ఫోన్ కొట్టు!”

కొట్టలేకపోయాడు. చేతనైన పని ఒక్కటే చేశాడు. ‘మొదటి బిడ్డ రాబోతుంటే స్టారా జగోరాలో ఏ హ్యాచ్‌బ్యాక్ కొనాలి’ అని వ్యాసం రాశాడు. అలా వెతికినవాళ్ళకు అదే మొదట రావాలని కిందామీదా పడ్డాడు. మధ్యలో ఎవరికీ అక్కర్లేని సంగతులు దూర్చాడు. కొండదారి మలుపుల్లో పిల్లలకు వాంతులవుతాయి, వెనక అద్దాలు పూర్తిగా దిగే కారే కొనండి, మా అమ్మాయి ఒళ్ళో ఆకుపచ్చ బకెట్ పెట్టి తీసుకెళ్ళేవాళ్ళం అన్నాడు. కొత్త కారు కదిలే ముందు శుభానికి చక్రాల ముందు నీళ్ళు పోయడం మరవకండి, ఆ నీళ్ళు తండ్రి పోస్తే మంచిది అని కూడా రాశాడు. చదివితే అర్థమవుతుంది దానికి, అనుకున్నాడు.

ఏ వ్యాసం ఎందరు చదివారో ఆఫీసులో లెక్క కనబడుతుంది. ఈ వ్యాసానికి సొంత ఊరినుంచి ఒక్కరే వస్తున్నారు. రోజూ సాయంత్రం ఏడింటికి వచ్చి తొమ్మిది నిమిషాలు ఉంటున్నారు. కార్ల వ్యాసాన్ని తొమ్మిది నిమిషాలు ఎవరు చదువుతారు? ధర చూసి పోతారు. రలిట్సానే, సందేహం లేదు. ఆయన కూడా ఇంట్లో ఏడింటికే ఆ వ్యాసం తెరిచి చదువుకునేవాడు. నేను చదివే వేళకే అదీ చదువుతోంది అనుకుంటే కడుపు నిండిపోయేది. దాని కోసం రోజుకో మాట చేర్చాడు. బెల్టు పొట్ట కిందుగా పెట్టుకోమన్నాడు. ఆ నీళ్ళు పోయడానికని బజారుకు వెళ్ళి ఒక రాగి చెంబు కూడా కొన్నాడు.

ఏప్రిల్ నెలాఖరున ఉండబట్టలేక పక్క బల్ల కలోయన్‌కు ఆ లెక్క చూపించాడు.

“చూడు, నెలరోజులుగా ఒక్కరోజు కూడా తప్పలేదు.”

కలోయన్ తెర వంక చూసి, తల గోక్కున్నాడు. “అన్నా, ఇంట్లో ఇంటర్నెట్ ఎప్పుడు మార్చావ్?”

“ఫిబ్రవరిలో. ఏం?”

“నీ పాత కనెక్షన్ నంబరే లెక్కలోంచి తీసేసి ఉంది. కొత్తది తీసెయ్యనే లేదు. ఇది నువ్వే అన్నా.”

సైట్‌లో పనిచేసేవాళ్ళ రాకపోకలు లెక్కలో పడకూడదు. కొత్తగా చేరినవాళ్ళకు స్టామెన్ నేర్పే మొదటి పాఠమే అది. ముందు నిన్ను నువ్వు లెక్కలోంచి తీసేసుకో అనేవాడు. కలోయన్‌కూ ఆయనే నేర్పాడు. “కొత్తదీ తీసెయ్” అన్నాడు స్టామెన్.

ఆ సాయంత్రం కూడా ఏడింటికి చదివాడు. ఏమో, అదీ చదువుతోందేమో. మర్నాడు ఆఫీసులో ఆ వ్యాసం పక్కన సొంత ఊరి లెక్క సున్నా ఉంది. ఇంటికి వచ్చి, కోటు కూడా విప్పకుండా ఫోన్ చేశాడు.

“నాన్నా?” రలిట్సా గొంతులో భయం. “ఏమైంది? ఒంట్లో బాగుందా?”

“బాగానే ఉంది. కారు కొంటున్నారటగా. నేనో వ్యాసం రాశాను, నెట్‌లో వెతికితే మొదట అదే...”

“మార్చి చివర్లోనే కొనేశాం నాన్నా. మా మామగారు వచ్చి చూసిపెట్టారు.”

“నెట్‌లో చూడలేదా?”

“నెట్‌లో చూసి కార్లెవరు కొంటారు? ఇంట్లో తెలిసినవాళ్ళుంటే అడుగుతారు. నిన్ను అడగాలనే జ్లాతా అత్తతో చెప్పి పంపాను. చెప్పలేదా? నీ కోసం రెండు వారాలు చూశాం.”

చెప్పిందన్న మాట దాటేసి, ఆయన కారు సంగతి అడిగాడు.

“వెనక అద్దాలు పూర్తిగా దిగుతాయా?”

“సగమే దిగుతాయి.”

“నీళ్ళు?”

“మామగారే పోశారు. మరెవరున్నారు?” అవతల ఎవరో పిలిచారు. “భోజనాలకు కూర్చుంటున్నాం నాన్నా. ఉంటాను.”

అరమీద రాగి చెంబుకు ధర చీటీ కూడా ఇంకా ఊడలేదు. ఏడయింది. అలవాటుగా వ్యాసం తెరిచి, బకెట్ దగ్గరా నీళ్ళ దగ్గరా ఆగి, తొమ్మిది నిమిషాలు చదివాడు. ఈసారి అది ఎవరి లెక్కలోనూ పడలేదు.