బుల్లెమ్మ ఊపిరి

ముసురు పట్టగానే బుల్లెమ్మకు ఒళ్ళు కాలిపోయింది. నాంచారమ్మ చెల్లెలి వీపు మీద చెయ్యి వేసి చూసింది. గూని కింద గురగురలాడుతోంది. రేవులో కట్టిన దోనె విప్పింది. నాలుగేళ్ళుగా ఆమెకు ఇదే పని.

చిన్నతనంలోనే వెన్ను వంగిపోయిన బుల్లెమ్మకు రొమ్ము ఒక పక్క సరిగా విచ్చుకోదు. ఏటా వానల్లో న్యుమోనియా ఆ పక్కనే పట్టుకుంటుంది.

"ఈసారి వద్దక్కా," అంది బుల్లెమ్మ రొప్పుతూ. "నన్నిలా వదిలెయ్యి. నువ్వూ కాస్త నడుం వాలుద్దువుగాని."

"నోరు మూసుకుని కూర్చో."

వదిలెయ్యాలన్న ఆ మాట తన మనసులోనూ మెదిలిందని, మెదిలినందుకు సిగ్గేసిందని నాంచారమ్మ చెప్పలేదు.

కొల్లేరు దాటి, బండెక్కి ఏలూరు ఆసుపత్రి చేరారు. ఇమ్మానుయేలు డాక్టరుగారు చూడగానే గుర్తుపట్టారు. "మళ్ళీ వచ్చారా అమ్మా," అన్నారు నీరసంగా. ఆ రోజుల్లో ఈ జబ్బును కుదిర్చే మందు ఇంకా రాలేదు. రొమ్ముకు వేడి మందుపట్టు వేయించి, వెనక దిండ్లు ఎత్తు పెట్టించారు. ఇక జ్వరం దానంతటది దిగాలి. నాంచారమ్మ పక్కనే కూర్చుని పెదాలు తడుపుతూ, తుప్పురంగు కఫం తుడుస్తూ గడిపింది. ఏడవడానికీ ఓపిక లేదు.

వారం తిరిగాక ఓ పొద్దున బుల్లెమ్మకు చెమటలు ధారలు కట్టాయి. ఒళ్ళు చల్లబడింది. నాంచారమ్మ హడలిపోయి కేక పెట్టింది.

డాక్టరుగారు నాడి చూసి, "పోయింది జ్వరమేనమ్మా," అన్నారు.

"అక్కా, గంజి ఉందా?" అంది బుల్లెమ్మ.

నాంచారమ్మకు సంతోషం కాదు, కోపం ముంచుకొచ్చింది. చెంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఆ చెమ్మలో, పొయ్యి పొగలో ఉంచితే మళ్ళీ వస్తుంది," అన్నారు డాక్టరుగారు పంపించేటప్పుడు. "వానలు వెళ్ళేదాకా ఎక్కడైనా మెరకన ఉంచండమ్మా."

మెరకనున్న గుండుగొలనులో అక్కాచెల్లెళ్ళ మేనత్త గంగమ్మకు పెంకుటిల్లుంది. "ఉండనీవే, నాకూ తోడవుతుంది," అంది ఆవిడ.

"చిరిగిన వలలు పంపించక్కా, బాగుచేస్తాను. ఊరికే కూర్చుని తింటానా?" అంది బుల్లెమ్మ.

నాంచారమ్మ ఒక్కతే ఇంటికొచ్చి, తడిచీరైనా మార్చుకోకుండా చాప మీద ఒరిగింది. మర్నాడు మిట్టమధ్యాహ్నానికి గాని మెలకువ రాలేదు.

ఆ ఏడు మిగిలిన వానలు ఏ జబ్బూ లేకుండా గడిచాయి. మరుసటేడు వానల్లోనూ బుల్లెమ్మను అక్కడే ఉంచింది; అయినా గుండుగొలను నుంచి కబురొచ్చింది, మళ్ళీ జ్వరమని. నాంచారమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, వాకిలికి తడిక అడ్డం పెట్టి, దోనె విప్పడానికి రేవుకు నడిచింది.