ముప్పై తొమ్మిది కిలోమీటర్లు

ఆదివారం తెల్లవారుతుండగానే ఉదయ్ భాస్కర్ లేచి నిమ్మకాయలు పిండేవాడు. బెల్లం, ఉప్పు కలిపి రెండు సీసాల్లో పోసి, నాలుగు అరటిపళ్ళు, ఒక తువ్వాలు, మార్చుకోడానికి సాక్సులు సంచిలో సర్ది స్కూటర్‌కి తగిలించేవాడు. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. కూతురు రసజ్ఞకి ముప్పై రెండేళ్ళు, రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పుప్పాలగూడ అపార్ట్‌మెంట్‌లో ఉండేది వాళ్ళిద్దరే. ఆగస్టులో జరగబోయే మారథాన్‌కి ఆమె తయారవుతోంది.

ఖాజాగూడ చెరువు దగ్గర రాజయ్య వాళ్ళకోసం చూస్తుండేవాడు. ఒకప్పుడు రసజ్ఞ చదివిన బడిలో పీఈటీ సారు. డెబ్బై దగ్గర పడ్డా ఇప్పటికీ పాతికమందికి పరుగు నేర్పుతున్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళని బండ మీద కూచోబెట్టి, పిక్కలు రెండు చేతులతో ఒత్తి చూసి, ఆ కాళ్ళలో ఇంకెన్ని కిలోమీటర్ల పరుగు మిగిలుందో చెబుతాడు. ఒకరికి తొమ్మిది వేలు, ఇంకొకరికి ఎనిమిది వందలు. వాళ్ళు తలూపి, ఫోన్‌లో రాసుకుని, దాన్నిబట్టి బూట్లు కొనుక్కునేవాళ్ళు.

డిసెంబరులో రసజ్ఞ పిక్కలు ఒత్తినప్పుడు మాత్రం ఆయన వెంటనే చెప్పలేదు. ఇంకోసారి ఒత్తాడు.

"నలభై తొమ్మిది ఉన్నయి బిడ్డా."

"రేసే నలభై రెండు కదా సార్."

"ఉరకకుంట పెట్టుకుంటె ఇంకిపోతయి. పద్నాలుగేండ్లప్పుడు ఇరవై వేలుండె నీకు. మల్ల ఎవ్వరికీ అన్ని సూడలే నేను."

ఉదయ్ భాస్కర్ సంచి జిప్పు తీసి, ఊరికే మళ్ళీ వేశాడు. ఆ ఇరవై వేల సంగతి అతనికి అప్పుడే తెలుసు. రాజయ్య సైకిలు మీద ఇంటికొచ్చి మరీ చెప్పాడు, పిల్లని స్పోర్ట్స్ హాస్టల్‌కి పంపమని. "పదో తరగతి దగ్గర పడుతోందండీ, చదువు పాడైపోతుంది" అని ఉదయ్ భాస్కర్ టీ ఇచ్చి పంపించేశాడు. గది గుమ్మంలో నిలబడి విన్న రసజ్ఞ మర్నాటి నుంచి బడి మైదానంలో అడుగు పెట్టలేదు.

రెండు పాదాలూ ఒకేసారి నేల వదిలితేనే పరుగు కింద లెక్క. నడక, సైకిలు, ఈత, మెట్లు ఎక్కడం లెక్కలోకి రావు. అందుకని రాజయ్య ఆమెకి పరిగెత్తకుండా పరుగు నేర్పాడు. పొద్దున్నే సైకిలు తొక్కించాడు, ఆఫీసులో లిఫ్ట్ మాన్పించాడు. వారాంతాల్లో ఆమె గంటన్నర ఈదుతుంటే ఉదయ్ భాస్కర్ గట్టున తువ్వాలు పట్టుకుని నిలబడేవాడు. నెలకోసారి మాత్రం రాజయ్య "ఇగ ఉరుకు" అనేవాడు. అప్పుడామె కట్ట మీద ఆ చివరిదాకా పరిగెత్తేది. మిగతావాళ్ళు పక్కకి జరిగి చూసేవాళ్ళు. ఆ కాసేపూ ఉదయ్ భాస్కర్ చెరువు వైపు తిరిగి నిలబడేవాడు.

అలా ఏడు నెలల్లో ఆరు కిలోమీటర్లు ఖర్చయ్యాయి. ఇంకా నలభై మూడున్నాయి. సరిపోతాయి.

రేసు మూడు వారాలుందనగా ఒక సాయంత్రం పెద్ద వాన పడింది. ఉదయ్ భాస్కర్ జలుబు మాత్ర వేసుకుని, ఫోన్ మోగకుండా చేసి నిద్రపోయాడు. ఎదురింటి రేఖ ఏదో పనిమీద వచ్చి, ఎంత తట్టినా తలుపు తియ్యకపోతే కంగారుపడి రసజ్ఞకి ఫోన్ చేసింది. రసజ్ఞ ఆఫీసు దగ్గర క్యాబ్ ఎక్కింది. నీళ్ళలో బళ్ళన్నీ ఆగిపోయి ఉన్నాయి. పావుగంట చూసి, దిగి పరిగెత్తింది.

తలుపు తీసిన ఉదయ్ భాస్కర్ తడిసి ముద్దయిన కూతుర్ని, ఆమె వెనక రేఖని చూసి "ఏమైందమ్మా?" అన్నాడు.

"ఏం లేదు నాన్నా. పడుకో."

ఆదివారం రాజయ్య పిక్కలు ఒత్తి "ముప్పై తొమ్మిది" అన్నాడు.

ఉదయ్ భాస్కర్ ఆయన్ని పక్కకి తీసుకెళ్ళాడు. "నా వల్లే అయిందండీ. మీరేమైనా చెయ్యగలరా?"

"సూశి చెప్పుడే వస్తది సార్ నాకు. పొయ్యనీకి రాదు. ఫికర్ చెయ్యకుండ్రి, చివరి మూడు నడిచినా టైములనే చేరుతది."

రేసు రోజు ఉదయ్ భాస్కర్, రాజయ్య ఒకే స్కూటర్ మీద ఆమె దారి వెంటే తిరిగారు. పది దగ్గర నీళ్ళిచ్చారు, ఇరవై ఒకటి దగ్గర సాక్సులు మార్చారు, ముప్పై దగ్గర అరటిపండు. ఆమె పరుగు ఎక్కడా తడబడలేదు. వెనకొచ్చే కుర్రాళ్ళు ఆమెని దాటలేక ఆమె అడుగులో అడుగు కలుపుకున్నారు. ముప్పై తొమ్మిదో కిలోమీటరు బోర్డు దగ్గర రసజ్ఞ ఆగింది. నొప్పి లేదు, ఆయాసం లేదు. పరుగు అయిపోయింది, అంతే.

ఉదయ్ భాస్కర్ స్కూటర్ రాజయ్యకిచ్చి, ఆమె పక్కన నడవడం మొదలుపెట్టాడు. జనం వాళ్ళని దాటిపోతున్నారు. కొంతదూరం వెళ్ళాక అతనే అన్నాడు.

"పదో తరగతి అని రాజయ్యగారికి అబద్ధం చెప్పాను."

ఆమె అతని వైపు చూసింది.

"మీ అమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు. నువ్వు హాస్టల్‌కి వెళ్ళిపోతే, సాయంత్రం వచ్చి తాళం తీసుకుని ఆ ఇంట్లోకి నేనొక్కణ్ణే వెళ్ళాలి. దానికి భయపడ్డాను."

ఒక మలుపు దాటారు.

"నాకు పరుగు అంత రాదని నువ్వనుకున్నావేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ" అంది రసజ్ఞ. "అప్పుడే చెప్పుంటే నేనే ఉండిపోయేదాన్ని కదా నాన్నా."

అతను సీసా మూత తీసి ఇచ్చాడు. ఆమె రెండు గుక్కలు తాగి తిరిగిచ్చింది. చివరి గీత ఇద్దరూ నడిచే దాటారు. ఎవరో ఆమె మెడలో పతకం వేశారు.

ఇక ఆ తర్వాత రసజ్ఞ దేనికోసమూ పరిగెత్తలేదు. పరిగెత్తడానికి లేదు. లిఫ్ట్ తలుపులు మూసుకుంటుంటే తర్వాతి దానికోసం ఆగేది. రోడ్డు దాటేటప్పుడు పక్కవాళ్ళంతా ఒక్క ఉరుకున అవతలికి చేరితే ఆమె మాత్రం ఇవతలే ఉండిపోయేది.

ఒక సోమవారం పొద్దున ఉదయ్ భాస్కర్ కూరగాయలకని ఆమెతోపాటు బయల్దేరాడు. వాళ్ళు స్టాపుకి యాభై గజాల దూరంలో ఉండగానే రాయదుర్గం బస్సు కదిలింది. నలుగురైదుగురు పరిగెత్తి ఎక్కేశారు. రసజ్ఞ నడక మార్చలేదు. వాచీ చూసుకుని, ఇంకో బస్సు అరగంటకి గాని లేదంది.

ఉదయ్ భాస్కర్ కూరల సంచి ఆమె చేతిలో పెట్టి పరిగెత్తాడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, పంచె ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, సగం దూరంలో ఒక చెప్పు జారిపోయినా ఆగకుండా వెళ్ళి బస్సు పక్కన అరచేత్తో కొట్టాడు. బస్సు ఆగింది.

"జర చూస్కో పెద్దాయనా, పడ్తవు" అంది కండక్టరు. "నువ్వెక్కుతవా?"

"నేను కాదమ్మా. మా అమ్మాయి."

రసజ్ఞ మామూలుగానే నడుచుకుంటూ వచ్చింది. సంచి అతనికిచ్చి, మెట్టు మీద కాలు పెట్టి ఒక్క క్షణం ఆగింది.

"చెప్పులతో పరిగెత్తకు నాన్నా. మోకాళ్ళు పోతాయి."

బస్సు వెళ్ళిపోయింది. ఉదయ్ భాస్కర్ ఊపిరి అందేదాకా స్టాపు స్తంభం పట్టుకుని నిలబడి, జారిన చెప్పు కోసం వెనక్కి నడిచాడు.