పొయ్యికి సెలవు

తెల్ల దుప్పటి మీద నీళ్లు చిలకరించి, అక్క బరువైన ఇస్త్రీపెట్టెను ఈ అంచు నుంచి ఆ అంచుకు తోసింది. ఆవిరి మొహానికి కొట్టింది. హోటల్ నేలమాళిగలో ఉన్న ఈ లాండ్రీలో చేరేనాటికి ఆమె ఇంకా పిల్లే. ఇప్పుడు కుడిభుజం ఎడమదానికంటే కిందికి జారింది. మణికట్టు నిండా పాత కాలిన మచ్చలు. వయసులో పెద్దవాళ్లు కూడా ఆమెను అక్కా అనే పిలుస్తారు.

ఇవాళ ఆ చేతులు ఒకచోట నిలవడం లేదు. చెల్లెలు ఫోన్లో ఆడే ఒక ఆటకు గొంతు ఇచ్చింది. పేదరికంలో ఒంటరిగా బతుకీడ్చే అమ్మాయి కథ అది. ఆడేవాళ్లు ఏది ఎంచుకుంటే ఆమె బతుకు అటు మళ్లుతుంది. చెల్లెలి గొంతు కంపెనీవాళ్లకు ఎంత నచ్చిందంటే, వేరే ఊళ్లో ఉద్యోగమే ఇచ్చారు. ప్రయాణం ఈరోజే. ఆట మాత్రం పొద్దున్నే అక్క ఫోన్లోకి వచ్చేసింది.

భోజనాల గంట కొట్టగానే లాండ్రీ ఆడవాళ్లంతా ఫోన్ చుట్టూ మూగారు. తెర మీద తడిసిన జోళ్లు, పాత కోటుతో ఓ బక్కపిల్ల. బట్టలుతికే యంత్రం దగ్గరుండే బొంగురుగొంతావిడ అందర్నీ తోసుకుని ముందుకొచ్చింది.

"కోటు అమ్మించకే, చలికి చస్తుంది."

"అమ్మకపోతే ఏం తింటుంది, నీ తలకాయా?" అంది ఇంకొకావిడ.

అక్క కోటు అమ్మలేదు. పిల్లకి జ్వరమొస్తే ఒకపూట పడుకోబెట్టింది. పిల్ల పని ఊడింది. అందరూ ఉసూరుమన్నారు. తెర మీద రెండే దారులు మిగిలాయి: నీళ్లు తాగి పడుకోవడం, పక్కింటి తలుపు తట్టడం.

అక్క వేలు కాసేపు గాల్లోనే ఆగి, రెండోదాన్ని నొక్కింది. తలుపు తెరుచుకుంది. పిల్ల గిన్నె చాచి, చెల్లెలి గొంతుతో మాట్లాడింది.

"మా పొయ్యి ఇవాళ సెలవు పెట్టింది పిన్నీ. మీ పొయ్యి పనిలో ఉందేమో చూసిపోదామని వచ్చా."

ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. అక్క నవ్వలేదు. అవి తన మాటలే. అమ్మానాన్నా పోయిన ఏడాది, చెల్లెల్ని నిద్రపుచ్చి, గిన్నె పట్టుకుని పక్కింటి గుమ్మంలో అన్నవి. మాట చివర గొంతు సవరించుకోవడంతో సహా చెల్లెలు పట్టేసింది. ఆరోజు అక్క సిగ్గుతో నేలలోకి కుంగిపోయింది. ఇప్పుడదే మాటకు ఇంతమంది పడీపడీ నవ్వి, గిన్నె నిండుతుందా లేదా అని ఊపిరి బిగబట్టారు.

నిండింది. బొంగురుగొంతావిడ బల్ల మీద చరిచింది. అక్క గుండె గంతులేసింది.

అంతలో చెల్లెలు భుజాన సంచితో గబగబా మెట్లు దిగి వచ్చింది. ఎవరో ఆమె చేతిలో టీ గ్లాసు పెట్టారు.

"ఆ పొయ్యి మాటలు కంపెనీవాళ్లు రాసినవేనా?" అక్క అడిగింది.

"కాదు. మా అక్క ఇలా అడిగిందని చెప్పా. నచ్చి ఉంచేశారు. కోపమొచ్చిందా?"

"అయితే నిద్రపోలేదన్నమాట, దొంగమొహమా."

"ఆకలేస్తుంటే నిద్రెలా పడుతుందే?"

పైన బండి హారన్ మోగింది. చెల్లెలు అక్కను గట్టిగా వాటేసుకుని, రెండేసి మెట్లు ఎక్కి వెళ్లిపోయింది.

"రా అక్కా, ఆటలో పిల్లకి రేపు పని దొరకొద్దూ?" ఆడవాళ్లు వెనకనుంచి పిలిచారు.

అక్క ఫోన్ అందుకుంది. ఇస్త్రీబల్ల అంచున, చెల్లెలు సగం తాగి వదిలేసిన టీ ఇంకా పొగలు కక్కుతోంది.