మత్తు దించే సూది

పొద్దుగాల్నే పొయ్యి మీద రెండు గిన్నెలు పెడ్త. ఒకదాంట్ల ఛాయ్, ఒకదాంట్ల నా మొగుడు తౌఫీక్ గాజు సిరంజిలు. ఆయన పాన్‌గల్‌ల ఆరెంపీ డాక్టర్. సిరంజిలు ఉడకబెట్టేది నేను, దూది ఉండలు చేసి డబ్బాల సర్దేది నేను, డాక్టర్ సాబ్ అనిపించుకునేది ఆయన. పదకొండేండ్ల సంది నేను వనపర్తిల దవాఖాన నర్సును. అయినా ఇంట్ల నేను చేసేది పని కింద లెక్కనే రాదు. "పొయ్యి మీద గిన్నె పెట్టుడు గూడ పనేనా?" అంటది మా అత్త సుల్తానాబీ. ఆమెకు ఛాయ్ పోసిచ్చి నేను వనపర్తి బస్సుకు ఉరుకుత.

ఏప్రిల్‌ల ఒకనాడు ఒంటిగంటకు పాన్‌గల్ నుంచి ఆటోల భీమమ్మ అనే ఆమెను ఏసుకొచ్చిండ్రు. పెదవులు నీలం. ఊపిరి ఒకటొచ్చినంక ఇంకోటి వస్తదా రాదా అన్నట్టుంది. "ఎండదెబ్బ సిస్టరమ్మా, చేన్ల పడిపోయింది" అంటుండు పెనిమిటి ఎల్లన్న. ఆయన భుజం మీద చెయ్యేసి, కూలోళ్లను వలస తోలుకపోయే గుంపు మేస్త్రీ జయరాజు నిలబడ్డడు. రెప్ప ఎత్తి చూసిన. కంటిపాప ఆవగింజంత ఉంది. ఎండదెబ్బకు గట్ల కాదు. పక్కకు తిప్పితే నడుం కింద రెండు సూది గాట్లు, ఒకదాని మీద దూది ఇంకా అంటుకోనే ఉంది. ఆ దూది ఉండ నేను చేసిందే, నా చుట్టుడు నాకు ఎరుకే. నోరు తెరిస్తే నా ఇల్లు పోతది, మూసుకుంటే ఈమె పోతది.

"సార్, నొప్పికిచ్చే మత్తు సూది ఎక్కువైంది" అన్న డ్యూటీ డాక్టర్‌తోని.

"నీకెట్ల తెలుసు?"

"తెలుసు సార్. ముందుగాల విరుగుడు మందు ఇద్దాం."

ఆపరేషన్ థియేటర్ ట్రేల నలాక్సోన్ ఉంటది, గా మత్తును దించే మందు. ఉరికి తెచ్చిన. అప్పటిదాంక ఆయా ఏసమ్మ బ్యాగు ఒత్తుకుంట ఆమెకు గాలి కొట్టింది. నరంల ఎక్కిచ్చినంక రెండు నిమిషాలు, అల్లా, ఎంత పొడుగున్నయో! భీమమ్మ దగ్గింది. కండ్లు తెరిసి నా చెయ్యి ఇసిరికొట్టింది. "ఓయమ్మ, నా నడుం! ఎందుకు లేపినవే నన్ను?"

గప్పుడు ఎల్లన్న ఏడ్సుకుంట అసలు సంగతి చెప్పిండు. సాయంత్రం పుణె బస్సు. గుంపుల ఒక మనిషి తక్కువైతే మేస్త్రీ ఊకోడు. ఏటేటా బస్సెక్కే ముందల అందరికీ నొప్పి సూదులు పొడిపించుడు వాళ్లకు అలవాటు. నడుం నొప్పికి మొదటిది పట్టలేదని మేస్త్రీ భీమమ్మకు పావుగంటల్నే ఇంకోటి పొడిపిచ్చిండంట.

నా సెల్లు మోగింది. తౌఫీక్. జయరాజు అప్పుడే చెప్పినట్టుంది. "ఎండదెబ్బ అని చెప్పు. రెండింటికి డ్యూటీ దిగుతవు గద, సీదా ఇంటికి రా. గద్వాల నుంచి మామూవాళ్లు వచ్చిండ్రు, బిర్యానీ ఎవరు వండుతరు?" ఆమె బతికిందా అని ఒక్క మాట అడగలే.

"ఈ మందు ఒక్క గంటల దిగిపోతది. లోపలున్న మత్తు మల్ల ఊపిరి ఆపుతది. పక్కన కూసోవాలె."

"దునియాల నువ్వొక్కదానివే నర్సువా?"

పెట్టేసిన. రెండు దాటినంక భీమమ్మ ఊపిరి నిజంగనే సన్నగైంది. ఇంకో మోతాదు ఎక్కిచ్చి, ఆమె రొమ్ము లేచుడు పడుడు చూసుకుంట కూసున్న. ఆకలైతుంది. నడుం నాకు గూడ నొస్తుంది, ఎవ్వరూ అడగరు. యాష్టకొచ్చింది, ఈ బతుకంతా యాష్టకొచ్చింది. రేపు ఇంకో గుంపు బస్సెక్కుతది, ఇంకో భీమమ్మ పంటది, ఆ పక్కన నేను ఉంటనో ఉండనో.

నాలుగింటికి డాక్టర్ కేసు షీటు తెచ్చిండు. "సూది ఎవరిచ్చిండ్రో ఎల్లన్న చెప్తలేడు. పోలీసులకు పంపాలె. తెల్వదు అని రాయనా సిస్టర్?"

"నాకు తెలుసు సార్, రాసుకోండ్రి. పేరు తౌఫీక్, పాన్‌గల్. నాకేమైతడని అడిగితే, ఇయ్యాల పొద్దుగాల దాంక మొగుడు అని రాయండ్రి."